పర్చూరు కల్లంలో నాలుగేళ్ళు ఆలస్యంగా పాడిన పాట

ఈ బ్లాగులో ఇప్పటిదాకా రాసిన ప్రయాణాలన్నీ ఏదో ఒకటి చూద్దామని వెళ్ళినవి. ఈసారి మాత్రం ఒక మనిషికి నా మొహం చూపించడానికి వెళ్ళాను. ఎందుకో ముందే చెప్పేస్తాను. కొన్నేళ్ళ కిందట మేం ముగ్గురం మంగళగిరిలో ఒక బ్యాండు నడిపేవాళ్ళం. మగ్గాల షెడ్డు మీద ఒక రేకుల గది, అందులో సాల్మన్ డ్రమ్స్, కిరణ్ గిటారు, నా గొంతు. పాటలు రాసేది నేను. మిరపకాయలు ఎండబోసే చోటు కదా అని బ్యాండుకు ‘కల్లం’ అని పేరు పెట్టుకున్నాం. సినిమా పాటలు వాయించేవాళ్ళం కాదు, పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్ళేవాళ్ళం కాదు. పొగరు అనేవాళ్ళు జనం. కొంత నిజమే. కానీ ఒక్క రూలు మాత్రం పొగరుతో పెట్టుకున్నది కాదు. పాట ఎవరి గురించి రాస్తే ముందు వాళ్ళకే పాడి వినిపించాలి, వాళ్ళు సరే అన్నాకే రికార్డింగు. అది సాల్మన్ పెట్టిన రూలు. బట్టల షాపు సెక్యూరిటీ గార్డు మీద రాసిన పాటను ఆ షాపు మెట్ల మీదే కూర్చుని ఆయనకు పాడి, ఆయన వద్దన్న రెండు లైన్లు కొట్టేశాం. అవి తీసేశాకే పాట బాగుపడింది.

ఆ రూలును ఒకే ఒక్కసారి తప్పాం. తప్పింది నేను. నాలుగేళ్ళ కిందట ఫిబ్రవరిలో పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో, మిరప కల్లంలో కోటేశ్వరమ్మ అనే ఆవిడ నాకు ఒక సంగతి చెప్పింది. కాపురానికి వచ్చిన కొత్తలో మొగుడి మీద విసుగొచ్చి, క్యారేజీలో అన్నం పెట్టుకుని చీరాల స్టేషనుకు వెళ్ళి, విజయవాడకు టికెట్టు కొని, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని ఇంటికి తిరిగొచ్చేసిందట. అక్కగారింటికి వెళ్ళిందనుకున్నాడు ఆయన. ఎందుకు తిరిగొచ్చారు పిన్నీ అని అడిగితే నవ్వింది. ‘మిరపకాయ చేతులమ్మా ఆయనవి. కోతల రోజుల్లో మంటలు పుట్టి అన్నం కలుపుకోలేడు. నేనే కలిపి పెట్టేదాన్ని. ఆ పూట ఎట్టా తింటాడో అనిపించింది, వచ్చేశా’ అంది. నాకు ఆ కారణం నచ్చలేదు. అంత తెగువ చేసిన మనిషి మొగుడి అన్నం కోసం వెనక్కి వచ్చిందంటే పాట నీరుగారిపోతుందనుకున్నాను. అందుకని ‘పోయే చోటెక్కడుందీ, పొద్దు వాలితే ఇల్లే గతి’ అని రాశాను. పర్చూరు వెళ్ళి వినిపించి వద్దాం అన్నాడు సాల్మన్. విజయవాడలో షో మూడు రోజుల్లో ఉంది. పేరు పెట్టలేదు కదా, ఆమెకేం అభ్యంతరం అన్నాను నేను. ఆ షోలో చప్పట్లు మోగేసరికి ఒళ్ళు తెలియక మైకులో ఊరి పేరు కూడా చెప్పేశాను. మా పాటలన్నిటిలో జనం ఎక్కువగా విన్నది అదే. నెల తిరక్కుండా సాల్మన్ డ్రమ్స్ సర్దుకుని వెళ్ళిపోయాడు. కిరణ్, నేను ఇంకో రెండు నెలలు లాగి ఊరుకున్నాం. ఏటా కల్లాల కాలంలో వెళ్ళి వినిపించి రావాలి అనుకోవడం, ఏదో పని అడ్డం పెట్టుకుని మానేయడం. ఈ ఫిబ్రవరిలో మాత్రం బయలుదేరాను.

గుంటూరులో ఉదయం ఆరున్నరకు ఆర్టీసీ బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలు, కారప్పొడి, నెయ్యి కలిపి యాభై రూపాయలు. ఎక్కడికని అడిగింది బండావిడ. పర్చూరు వైపు కల్లాలకు అన్నాను. ‘మాస్కు కొనుక్కో తల్లీ. బయటోళ్ళు ఆ ఘాటుకి తట్టుకోలేరు. మా ఆడబిడ్డ మొగుడు పది నిమిషాలు నిలబడి, రోజంతా తుమ్మాడు’ అంది. ఆమె మాట వినకపోవడం నా ఖర్మ. ఏడుంబావుకు ప్రత్తిపాడు, పెదనందిపాడు మీదుగా పర్చూరు వెళ్ళే పల్లెవెలుగు దొరికింది. ఆంధ్రాలో ఉండే ఆడవాళ్ళయితే ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, టికెట్టు ఉచితం. మగవాళ్ళకు వంద రూపాయల లోపే అవుతుంది. ఎడమవైపు కిటికీ పట్టుకుంటే ఎండ ముఖాన కొడుతుంది, కుడివైపు కూర్చోండి.

ఊరు దాటాక దారంతా నల్లరేగడి. పత్తి తీసేసిన చేలల్లో కట్టె పీకి కుప్పలు వేస్తున్నారు. మిరప చేలల్లో ఇంకా కోత నడుస్తోంది. టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, గుంటూరు యార్డుకు వేసుకెళ్ళే లారీలు ఎదురొస్తుంటే బస్సులో ఉన్నవాళ్ళంతా ఒకేసారి దగ్గారు. పెదనందిపాడు దాటాక కిటికీ మూసి, ఆవిడ ముందు ఏం మాట్లాడాలో మనసులో అనుకోవడం మొదలుపెట్టాను. మూడుసార్లు అనుకున్నాను, మూడుసార్లూ నా తప్పు చిన్నదిగానే వినిపించింది. అది నా తెలివి. తొమ్మిదింబావుకు పర్చూరులో దిగాను.

అక్కడినుంచి ఆ ఊరికి ఆటో నూటయాభై అడిగాడు, నూట ఇరవైకి వచ్చాడు. ఊరి పేరు ఇక్కడ రాయను, ఒకసారి చెప్పి చేసిన నిర్వాకం చాలు. డ్రైవరు యాభై దాటిన మనిషి. ఎవరింటికని అడిగాడు.

“వెంకటరత్నంగారి ఇల్లండీ. ఆయన భార్య కోటేశ్వరమ్మగారి కోసం.”

“స్టేషన్ కోటేశ్వరమ్మగారా?”

“స్టేషన్ ఏమిటండీ?”

“పాట వచ్చింది కదండీ అప్పట్లో, చీరాల స్టేషను పాట. అది ఆవిడ గురించేనంట. అప్పట్నించీ ఊళ్ళో అదే పేరు. ఎదురుగా ఎవరూ అనరులెండి. మీరు చుట్టాలా?”

తెలిసినవాళ్ళం అన్నాను. అది నా పాటేనని చెప్పడానికి నోరు రాలేదు. వెనక్కి తిప్పమందామా అని కూడా అనిపించింది, నిజం చెబుతున్నాను. ఈ వేళప్పుడు ఆవిడ అక్కడే ఉంటుందని ఆయన నేరుగా కల్లం దగ్గరే ఆపాడు.

ఎకరం మేర నేలంతా ఎర్రగా ఉంది. టార్పాలిన్ పట్టాల మీద కాయలు, వాటి మధ్య వరసగా కూర్చుని ఐదారుగురు ఆడవాళ్ళు తాలు కాయలు ఏరుతున్నారు. తెల్లబడి పనికిరాకుండా పోయిన కాయల్ని తాలు అంటారు. కోటేశ్వరమ్మ చివర ఉంది, తలకు తువ్వాలు చుట్టుకుని. నన్ను చూసి వెంటనే పోల్చుకుంది.

“పాటలమ్మాయివి కదూ. చిక్కిపోయావేందమ్మా? రా, నీడన కూర్చో.”

నేను దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆమె నుదుట బొట్టు లేదు. అది చూసి కూడా అడిగాను, అడక్కుండా ఉండలేక. “బాబాయిగారు?”

“పోయాడమ్మా. మొన్న కార్తీకంలో. గుండె.”

అనుకుని వచ్చిన మాటలు ఒక్కటీ మిగల్లేదు. “పాట ఆయన విన్నారా పిన్నీ?” అన్నాను.

“వినకుండా ఎట్టా ఉంటాడు? టీ కొట్టు దగ్గర ఫోన్లో వేశారంట ఎవరో. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, నిజమేనా అన్నాడు. నిజమే అన్నా. మరి ఎందుకొచ్చావు అన్నాడు. నీకు చెప్పిందే చెప్పా. ‘నా మొహం చూసి అంటున్నావులే, పాటలో అట్టా లేదుగా’ అన్నాడు. కేకలేస్తే బాగుండేది. కేకలు కూడా వెయ్యలేదు మనిషి.”

ఏరడం ఆపకుండానే చెబుతోంది.

“ఆ తర్వాత సీజన్ నుంచి స్పూను పెట్టుకున్నాడమ్మా. చేతులు మండుతున్నా సరే, నన్ను కలపనివ్వలేదు. ‘గతి లేక ఉన్నదానికి ఈ చాకిరీ కూడానా’ అన్నాడు ఒకసారి. ఒక్కసారే అన్నాడు. పోయేదాకా స్పూనుతోనే తిన్నాడు.”

తప్పయింది పిన్నీ అన్నాను. ఏడుపొచ్చింది. మిరప ఘాటుకేలే అనుకుని ఉంటారు మిగతావాళ్ళు. పాట అన్ని చోట్లా తీయించేస్తాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఇప్పుడు తీస్తే ఏమొస్తుంది? ఆయన వినేశాడు. నేనే వినలేదు పూర్తిగా. ఎవరన్నా వేస్తే నన్ను చూసి ఆపేసేవాళ్ళు. నువ్వు పాడు.”

గిటారు లేదు, తాళం లేదు, గొంతు మిరప పొడితో మూసుకుపోయింది. అయినా పాడాను. ‘చేతిలో క్యారేజీ, కొంగున టికెట్టూ’ దగ్గర ఆమె కొంచెం నవ్వింది. ‘పోయే చోటెక్కడుందీ’ లైను వచ్చేసరికి ఆగి, అక్కడ మీరు చెప్పిన మాటే పెట్టి పాడతాను పిన్నీ అన్నాను.

“వద్దు. ఆయన విన్నదే పాడు.”

పాడాను. నా జీవితంలో అంత కష్టంగా ఏదీ పాడలేదు. అయిపోయాక కోటేశ్వరమ్మ చేతిలో కాయలు పట్టా మీద పోసింది.

“బాగుంది. ఎవరైనా నమ్ముతారు” అంది. “ఆయన తప్పేం లేదు.”

మధ్యాహ్నం అన్నం తినే వెళ్ళమంది. పప్పు, గోంగూర పచ్చడి పెట్టింది. వదిలేస్తే ఇంకా సిగ్గుచేటని అంతా తిన్నాను. మూడింటికి తెలిసినవాళ్ళ ఆటో పిలిచి తనే ఎక్కించింది. పర్చూరులో మూడున్నరకు గుంటూరు బస్సు దొరికింది. బస్సులోనే సాల్మన్‌కు ఫోన్ చేశాను, నాలుగేళ్ళ తర్వాత. ఇప్పుడు వాడు చిలకలూరిపేటలో స్కూలు పిల్లలకు డ్రమ్స్ నేర్పుతున్నాడు.

“వినిపించొచ్చాను రా.”

“ఏమన్నారు?”

“బాగుందన్నారు.”

“బాబాయిగారో?”

చెప్పాను. “సరే, జాగ్రత్తగా వెళ్ళు” అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా బరువుగా ఉంది. మా పాటల్లో గొప్పతనం అంతా నా మాటల్లో ఉందని చాలాకాలం అనుకున్నాను. అది పాట ఎవరి గురించో వాళ్ళ ఎదుట కూర్చుని వినిపించే ఆ అరగంటలో ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ అరగంటకు భయపడి తప్పించుకుని, దానికి సృజన అని పేరు పెట్టుకున్నాను. కోటేశ్వరమ్మ నన్ను క్షమించిందో లేదో అడగలేదు. అడిగి ఉంటే క్షమించాననే అనేది, అన్నం పెట్టిన మనిషి ఇంకేమంటుంది?

మీరు అటు వెళ్ళాలనుకుంటే ఒక మాట. కల్లాలు బాగా నిండుగా ఉండేది ఫిబ్రవరి మొదటి వారం నుంచి మార్చి చివరి దాకా. పొద్దున ఏడు గంటల బస్సు పట్టుకుంటే ఎండెక్కేలోపు చేరతారు, సాయంత్రానికి వెనక్కి వచ్చేయొచ్చు. అక్కడ చూడాల్సిన మనిషి ఎవరైనా ఉంటే మాత్రం వచ్చే సీజన్‌కని ఆపుకోవద్దు. నేను మూడు సీజన్లు ఆపాను. ఆ మూడు సీజన్లూ వెంకటరత్నంగారు ఆ కల్లంలోనే ఉన్నారు.