లెక్కకు రాని పెట్టెలు

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి మేడ మీద గాజు గదిలో కూర్చునే మేనేజరు దాకా అందరికీ ఆమె స్టోరక్కే. ఇరవై రెండేళ్లుగా ఆ స్టోరు తాళాలు ఆమె నడుముకే వేలాడుతున్నాయి. మరలు, రెక్కలు, రాగి తీగ చుట్టలు, కెపాసిటర్లు, బేరింగులు, ఏది ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేది. చెప్పే ముందు అడిగినవాణ్ని నాలుగు తిట్టేది కూడా. ఆ తిట్లు పడితే సరుకు దొరికినట్టేనని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ మనసులో పెట్టుకునేవాళ్లు కాదు.

ఆమె పేరు నిలబెట్టింది మాత్రం తిట్లు కాదు, ఒక చిన్న అలవాటు. దాన్ని తెలివి అనాలో దొంగబుద్ధి అనాలో మీరే తేల్చుకోండి. లారీ నుంచి బేరింగులు దిగినప్పుడు ఎప్పుడైనా ఒక పెట్టె సరుకు లెక్క రాసే కార్డులో రాయకుండా పక్కకు తీసేది. బిల్లు ఆఫీసులో ఉండేది, కార్డు స్టోరులో ఉండేది, లైనులో ఎన్ని వాడారన్నది లైను పుస్తకంలో ఉండేది. ఆ మూడూ జన్మలో ఒకదానికొకటి ఎదురుపడేవి కావు. అందుకని ఆ పెట్టెను ఎవరూ వెతికేవారు కాదు. అది అన్నిటికన్నా పై అరలో, పాత కాగితాల అట్టపెట్టెల వెనక్కి చేరేది. అమ్ముకోవడానికి కాదు, పాపం ఆ ఆలోచన ఆమెకు కలలో కూడా రాలేదు. ఇంటికి ఒక్క మర కూడా తీసుకెళ్లి ఎరగదు. ఆ పెట్టెలు ఎన్నున్నాయో ఆమె కూడా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్క పెడితే ఇక అది దాపరికం ఎలా అవుతుంది?

నెలకోసారైనా దాని అవసరం పడేది. ఫ్యాన్లు బిగించే లైనుకు ఒక సూపర్‌వైజరు ఉన్నాడు. నడవడం రాదు, పరుగే. అందుకే అందరూ తొందరాయన అంటారు. అతను చెమటలు కక్కుకుంటూ వచ్చేవాడు.

"అక్కా, బేరింగులు అయిపోయాయి! గంటలో లైను ఆగిపోతుంది!"

"మొన్ననేగా ఇచ్చాను? తింటున్నారా ఏంటి వాటిని?"

"నీ కాళ్లు పట్టుకుంటానక్కా. ఎక్కడైనా ఒక్క పెట్టె ఉందేమో చూడు."

"నేనేమైనా పొదుగుతున్నానా పెట్టెల్ని? పో ఇక్కణ్నుంచి."

పది నిమిషాలు ఇలా నడిచాక నిచ్చెన వేసుకుని ఎక్కేది. పెట్టె పట్టుకుని దిగేసరికి తొందరాయన ముఖం వెలిగిపోయేది. ఎక్కడినుంచి తెచ్చావని అడిగితే "నీకెందుకు?" అనేది. ఆ రోజంతా ఆమె నడకే వేరుగా ఉండేది. ఇంటికెళ్లి భర్తకు చెప్పేది, అత్తగారికి చెప్పేది, మేడ మీద వాటాలో ఉండే తోడికోడలిని పిలిచి మరీ చెప్పేది.

ఆ తోడికోడలే చిన్ని. మరిది భార్య. పెళ్లయి వచ్చిన కొత్తలో చదువుకున్న పిల్ల ఇంట్లో ఖాళీగా కూర్చుందని జాలిపడి, వేలు పట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది మన స్టోరక్కే. "మా చిన్ని లెక్కల్లో గట్టిది సార్, ఏదో ఒక మూల కుర్చీ వేయండి" అని మేనేజరును బతిమాలింది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా తన నాలుక తనే కరుచుకోవాలనిపిస్తుంది ఇప్పుడు.

ఎందుకంటే రెండేళ్లు తిరిగేసరికి ఆ మూల కుర్చీ కాస్తా గాజు గది పక్కకు చేరింది. కంపెనీ కొత్త పద్ధతి పెట్టింది. ఎక్కడో దుకాణంలో ఒక ఫ్యాను అమ్ముడుపోతే ఆ సంగతి వెంటనే ఇక్కడ తెలుస్తుంది. దాన్ని బట్టి లైనులో రేపు ఏ రకం చేయాలో మారుతుంది. దాన్ని బట్టి స్టోరులో ఏది ఎప్పుడు నిండుకుంటుందో తేలుతుంది. అది బేరింగులు చేసేవాడికీ, రాగి తీగ పంపేవాడికీ వాళ్ల వాళ్ల కంప్యూటర్లలో కనిపిస్తుంది. ఫోను చేసి బతిమాలక్కర్లేకుండా లారీ బయల్దేరుతుంది. దుకాణం నుంచి సప్లయరు దాకా అంతా ఒకే దారం, ఆ దారం కొస చిన్ని చేతిలో ఉంది.

స్టోరులో ప్రతి పెట్టెకూ స్టికరు అంటించారు. వచ్చినప్పుడు ఒకసారి, పోయినప్పుడు ఒకసారి స్కానరుతో చూపించాలి. స్టికర్లు అంటించే రోజున చిన్ని కూడా కిందికి వచ్చింది.

"ఆ పైన ఏమున్నాయక్కా?"

"పాత కాగితాలు. ఎలుకలు కూడా ఉన్నాయి, ఎక్కుతావా?"

చిన్ని ఎక్కలేదు. పై అర అలాగే ఉండిపోయింది.

స్కానరు వాడటం స్టోరక్కకు ఒక్క పూటలో వచ్చేసింది. అయినా మూడు వారాలు రానట్టే నటించింది. "ఇదేంటే, కూయడం లేదు?" అని రోజుకు మూడుసార్లు చిన్నిని మెట్లు దించేది. పిల్ల విసుక్కుంటే బాగుండేది, నలుగురికీ చెప్పుకోవచ్చు. ఆ మహాతల్లి నవ్వుతూ దిగి, నవ్వుతూ నేర్పి, నవ్వుతూ ఎక్కిపోయేది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

అన్నిటికన్నా బాధ పెట్టింది ఫోను. స్టోరు బల్ల మీది ఆ నల్ల ఫోను ఒకప్పుడు నిమిషం ఊరుకునేది కాదు. ఉందా అక్కా, వచ్చిందా అక్కా, ఎప్పుడొస్తుందక్కా. ఇప్పుడు ఎవరికి కావాలన్నా లైను దగ్గర గోడకు పెట్టిన తెర చూసుకుంటున్నారు. ఫోను పాడైందేమోనని ఆమె మధ్యమధ్యలో తీసి చెవి దగ్గర పెట్టుకునేది. డయల్ టోను బాగానే వినిపించేది. తొందరాయన కూడా పరుగెత్తడం మానేశాడు. నింపాదిగా నడిచి వచ్చి, కావాల్సింది తీసుకుని, "వస్తానక్కా" అని వెళ్లేవాడు. తిట్టించుకునే తీరిక కూడా లేదు వాడికి.

ఇంట్లో మరీ దారుణం. ఆమె భర్తది అదే ఫ్యాక్టరీలో తీగ చుట్టే పని. పెళ్లయినప్పటి నుంచి సరుకు సంగతి ఏదైనా ఆమెనే అడిగేవాడు. ఒకరోజు అందరూ కలిసి భోజనాలు చేస్తుంటే, పెరుగు కలుపుకుంటూ ఎంతో మామూలుగా అడిగాడు.

"ఏమ్మా చిన్నీ, రేపు రాగి తీగ దిగుతుందా?"

"పదకొండింటికల్లా గేటు దగ్గర ఉంటుంది బావగారూ."

స్టోరక్క చేతిలోని గరిటె గిన్నెలో ఠంగుమని పడింది. ఎవరూ పట్టించుకోలేదు. గదిలోకి వెళ్లాక భర్తను నిలదీసింది.

"ఏవండీ, పక్కన నేను కూర్చున్నాను. కనబడలేదా?"

"నీకెలా తెలుస్తుందే? అది ఆ పిల్ల కంప్యూటర్లో కదా ఉంటుంది."

ఆ మనిషికి దురుద్దేశం లేదు. ఉంటే తిరిగి నాలుగు అనేది. లేకపోయేసరికి ఏడుపొచ్చింది.

అత్తగారు పక్కింటావిడతో అనడం కూడా విన్నది. "మా చిన్నకోడలు మేడ మీద కూర్చుని వేలితో ఇలా అందంటే చాలట, ఎక్కడో లారీ కదులుతుందట!" పక్కింటావిడ పెద్దకోడలి సంగతి అడిగింది. "అదా, అది స్టోరులోనే ఉంటుందమ్మా" అంది అత్తగారు, గొడుగు మూలనే ఉందన్నట్టు. కుళ్లు అంటే ఏమిటో స్టోరక్కకు అంతవరకు తెలియదు. ఆ రోజు నుంచి బాగా తెలిసింది. చిన్ని జడ వేసుకున్నా కడుపు మంటే, చిన్ని చెప్పులు విడిచినా కడుపు మంటే.

ఇక ఆమెకు మిగిలింది ఆ పై అర ఒక్కటే. రోజూ తాళం తీయగానే ఒకసారి తలెత్తి చూసుకునేది. ఎంత పెద్ద తెర అయినా ఏదో ఒకరోజు తప్పుతుంది. లైను ఆగబోతుంది. అప్పుడు అందరూ వరసగా వస్తారు, ముందు చిన్ని వస్తుంది. ఈ గుమ్మంలో నిలబడి "అక్కా, ఉన్నాయా?" అని అడుగుతుంది. ఆ ఒక్క మాట చాలు. జీతం పెంచక్కర్లేదు, దండలు వేయక్కర్లేదు.

ఆ రోజు రానే వచ్చింది. బేరింగులు పంపే కంపెనీలో పెద్ద యంత్రం పాడైపోయింది. వారం దాకా ఒక్క పెట్టె కూడా రాదు. ఇక్కడేమో ఆసుపత్రి కొత్త భవనానికి ఐదువందల ఫ్యాన్లు శుక్రవారం పంపాలి. ఫ్యానుకు రెండు బేరింగులు, పెట్టెకు వంద. అంటే పది పెట్టెలు కావాలి. స్టోరు అరలో ఉన్నవి బుధవారం మధ్యాహ్నానికి నిండుకుంటాయి. సోమవారం ఈ కబురు విన్నప్పుడు ఆమె ముఖం ఎంత విచారంగా పెట్టిందో చెప్పలేం. లోపల మాత్రం పండగే.

మంగళవారం ఎవరూ రాలేదు. బేరింగులు అక్కర్లేని చిన్న టేబులు ఫ్యాన్ల పని ముందుకు జరిపారని, ఆసుపత్రి ఫ్యాన్లు గురువారం మొదలుపెడతారని లైనులో అనుకున్నారు. మొదలుపెట్టడం సరే, దేంతో పెడతారట? పోనీ మేనేజరైనా కంగారు పడాలి కదా. అతను మెట్ల దగ్గర ఈల వేసుకుంటూ కనిపించాడు. తొందరాయనను ఆపి గుచ్చిగుచ్చి అడిగింది.

"ఏంటయ్యా, బేరింగులు లేవంటున్నారు. నీకేం దిగుల్లేదా?"

"చిన్ని మేడం చూసుకుంటానన్నారక్కా."

మేడమట! మూడేళ్ల క్రితం ఈ మేడానికి గేటు ఎటుందో తెలియదు.

అప్పటికే లైనులో ఉన్న ఫ్యాన్లకు వాడేసరికి బుధవారం సాయంత్రానికి మామూలు అర ఖాళీ అయింది. ఆమె ఇంటికి వెళ్లే వేళ దాటినా కుర్చీలోంచి లేవలేదు. నల్ల ఫోను మోగలేదు. చివరికి ఇంటికి వచ్చి చూస్తే చిన్ని పక్కింటి పాపాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడిస్తోంది. ఐదువందల ఫ్యాన్లు నెత్తి మీద ఉన్న మనిషి అలా ఉంటుందా? స్టోరక్కకు ఆ పూట అన్నం సయించలేదు.

గురువారం పొద్దున్న తాళం తీసి ఇంకా కుర్చీలో కూర్చోలేదు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. చిన్ని. స్టోరక్క చీర కుచ్చిళ్లు సర్దుకుని, కార్డుల పెట్టె ముందుకు లాక్కుని, ఏదో పనిలో ఉన్నట్టు తల వంచుకుంది. ఎంతసేపు బతిమాలించుకోవాలో కూడా ముందే అనుకుంది. పావుగంట. తోడికోడలు కాబట్టి ఐదు నిమిషాలు ఎక్కువే.

"అక్కా" అంది చిన్ని గుమ్మంలో నిలబడి.

"ఏంటే?"

చిన్ని చేయి చాపింది. చేతిలో స్టికర్ల చుట్ట ఉంది.

"పై అరలోవి దించేద్దామక్కా. స్టికర్లు తెచ్చాను. పదకొండు."

ఉన్నాయా అని అడగలేదు.

"పై అరలో ఏమున్నాయే? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదక్కా. బేరింగుల వాళ్ల పాత లెక్కలన్నీ మన దాంట్లోకి వచ్చాయి కదా. వాళ్లు ఎన్ని పంపారు, లైను ఎన్ని వాడింది, పాడైనవి ఎన్ని, మూడూ పక్కపక్కన పెడితే పదకొండు పెట్టెలు తేలలేదు. మేనేజరుగారు నష్టం కింద రాసేయమన్నారు. నేను వద్దన్నాను. స్టోరులో మా అక్క ఉండగా సరుకు ఎక్కడికి పోతుంది? కష్టం వస్తే ఉంటాయిలే అని అలాగే ఉంచాను."

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

"నాలుగు నెలలైంది."

నాలుగు నెలలు! నాలుగు నెలలుగా ఆమె రోజూ తలెత్తి చూసుకుని మురిసిపోయిన అర, ఆ పిల్ల తెర మీద ఒక వరస. మేనేజరుకు తెలుసు. అందుకే ఈల. తొందరాయనకు కూడా తెలిసే ఉంటుంది. ఈ పిల్ల కనీసం దొంగతనం అంటగట్టినా బాగుండేది, దాని జుట్టు పట్టుకునేది. కాపాడింది. నలుగురిలో తన మీద నమ్మకంతో మాట్లాడింది. ఆ మంచితనం చూసి ఆమెకు ఇంకా ఒళ్లు మండిపోయింది.

ఆమె స్టికర్లు లాక్కుని నిచ్చెన ఎక్కింది. చిన్ని కింద నిచ్చెన పట్టుకుంది.

అట్టపెట్టెలు పక్కకు జరిపి ఒక్కొక్క పెట్టె దుమ్ము తుడిచి స్టికరు అంటించసాగింది. పదకొండట! ఈవిడ వచ్చి లెక్క పెట్టిందట! తనకే తెలియని లెక్క దీనికెలా తెలుస్తుంది? పదిహేను ఉండొచ్చు. ఇరవై రెండేళ్ల దాపరికం, ఇరవై కూడా ఉండొచ్చు. స్టికర్లు అయిపోయి పెట్టెలు మిగలాలి. అప్పుడు పైనుంచే, లైనంతా వినపడేలా అరవాలి, నీ లెక్క తప్పిందే చిన్నీ అని. ఐదు. ఆరు. ఇంకా ఉన్నాయి. ఎనిమిది. ఆమె చేతులు తొందరపడ్డాయి. తొమ్మిది, పది. పదకొండో పెట్టెకు స్టికరు అంటించి పక్కన పెట్టింది. చుట్టలో కాగితం మిగల్లేదు.

అరలో కూడా ఏమీ కనిపించలేదు.

ఆమె ముందుకు వంగి, మోచేతి దాకా, తర్వాత భుజం దాకా చేయి పెట్టి గోడ వెంబడి వెతికింది. ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ దొరికితే చాలు. వేళ్లకు మెత్తటి దుమ్ము తగిలింది. ఇంకో మూల వెతికింది.

"అక్కా, సరిపోయాయా?" కింది నుంచి చిన్ని అడిగింది.

ఆమె చేయి ఇంకా లోపలే ఉంది. "ఉండవే" అంది.