చక్రం మీద కాక చెయ్యి

బొగ్గు బాయి పక్కన పుట్టిన మాకు ఒక రోగం ఉంది. ఏ నట్టు దొరికినా ప్రాణం పెట్టి బిగిస్తాం. బాయి లోపల కప్పును పట్టి ఉంచే బోల్టు వదులైతే మనిషి మిగలడని వింటూ పెరిగాం మరి. నా పికప్ బండి ముందు చక్రాల బేరింగులకు మొదటిసారి నేనే గ్రీజు పెట్టుకున్నప్పుడు, పానాకు పైపు తొడిగి, కాలితో తొక్కి మరీ బిగించాను. ఎవరూ నేర్పకుండానే పనైపోయిందని మీసం కూడా దువ్వుకున్నాను.

తెల్లారి చెల్లెను కరీంనగర్ దవాఖానకు తీసుకుపోవాలి. కాన్పు కష్టమయ్యేలా ఉంది, రేపే చేర్పించండని డాక్టరమ్మ చెప్పింది. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి, బస్సుల్లేవు. మా సెంటినరీ కాలనీ క్వార్టరు ముందు నా బండే దిక్కు.

కాలనీలో ఒక చుట్టు తిప్పి తెచ్చి ఆపగానే మా కాక, అంటే చిన్నాన్న, ముందు చక్రం నడిమధ్య తాకి చూశాడు. బాయిలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. యంత్రాల మోతకు రెండు చెవులూ పోయాయి, గట్టిగా అరిస్తేనే ఏ ముక్కో అందుతుంది.

"కాలుతున్నది. జాకీ ఎత్తు," అన్నాడు.

"నిన్ననే చేసిన కాకా! జల్ది పోవాలె. చెవులే వినవడవు, నీకేం తెలుస్తది!" అని వాడకట్టంతా వినేలా అరిచాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఆయన తనే జాకీ ఎత్తి, చక్రం వెనక స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఇంకో చేత్తో చక్రం తిప్పాడు. నాకు ఏ చప్పుడూ వినిపించలేదు.

"లోపట బొగ్గు దుమ్మున్నది. నట్టు గొంతు పిసికినట్టు బిగించినవ్. సగం తొవ్వల చక్రం పట్టేస్తది కొడుకా."

విప్పితే అక్షరాలా అంతే! పాత గ్రీజు కడగకుండా దాని మీదే కొత్తది పూశాను. దుమ్ము వేళ్లకు గరగరా తగిలింది. అరుగు మీద నడుం పట్టుకుని కూర్చున్న చెల్లెను చూసి గబగబా రెండో చక్రం కింద కూడా జాకీ పెట్టాను. అబ్బ, ఏం చెయ్యి అది! చెవుల్లేని మనిషి ఇనుము లోపలి మాటను చర్మంతో విన్నాడు.

బేరింగులను కిరసనాయిల్లో కడిగించాడు. అరచేతిలో గ్రీజు వేసుకుని, అవతలి వైపు నుంచి బయటికొచ్చేదాకా ఒత్తి ఒత్తి పట్టించాడు. నట్టు బిగించి, మళ్లీ కొంచెం వెనక్కి వదిలాడు.

"గిది బాయి కప్పు కాదురా. తిరిగేదానికి జరంత జాగ ఇడువాలె."

దారిలో రెండుచోట్ల ఆపించి చక్రాలు తాకి చూశాడు. రెండుసార్లూ "పోనీ" అన్నాడు.

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. కాక దవాఖాన గేటు బయట కూర్చుని ఉన్నాడు. పరుగెత్తుకుంటూ పోయి, జనమంతా తిరిగి చూసేలా అరిచాను.

"ఆడివిల్ల కాకా! తల్లీబిడ్డ మంచిగున్నరు! పొద్దుగాల అన్న మాటకు మాఫ్ చెయ్యి కాకా!"

"గంతగనం ఒర్రకురా, వినవడ్డది," అని తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.