స్నానం నుంచి పద్నాలుగో రోజు

మొన్న మా వీధి చివరి ఇంటి కోడలు ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం ఒకటి పట్టుకొచ్చి, "మామ్మగారూ, మీరు పుస్తకాలు సదువుతారు కదా, ఇందులో ఏటి రాసేరో కొంచెం సెప్పరా" అంటూ సిగ్గుపడుతూ నా చేతిలో పెట్టింది. పెళ్లయి మూడేళ్లయినా ఇంకా కడుపు పండని పిల్ల. గర్భం నిలిచే రోజుల్ని ఎలా లెక్కపెట్టుకోవాలో డాక్టరమ్మ అందులో వివరంగా రాసి, మొదటి వాక్యం కింద ఎర్రగీత గీసింది. ముట్టు కనిపించిన రోజే ఒకటో రోజు అని ఆ వాక్యం. చదివి వినిపించాను గాని, ఆ పిల్ల వెళ్లిపోయాక నాకు మా చెల్లే గుర్తొచ్చింది.

నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగిలిన చదువంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఆడవాళ్లం అక్కడికి వెళ్లే అలవాటు లేదు కనుక, బెల్లం మార్కెట్లో గుమాస్తాగా పనిచేసే మావారు వారానికి రెండు పుస్తకాలు తెచ్చేవారు. భూగోళం, వైద్యం, చరిత్ర, ఏది దొరికితే అది చదివేసేదాన్ని. వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు, నాకూ అది గర్వంగానే ఉండేది.

యుద్ధం జరుగుతున్న రోజులవి. మా చెల్లిని మాకు రెండు వీధుల అవతలి ఇంటికే ఇచ్చారు. నాకప్పటికి ఇద్దరు పిల్లలు, దానికి మాత్రం నాలుగేళ్లయినా నెల తప్పలేదు. దాని అత్తగారు చెడ్డమనిషేం కాదు, కోడలికి జ్వరం వస్తే రాత్రంతా తల దగ్గర కూర్చునే మనిషే. కాని ఆ ఏడు కార్తీకంలో నా ఎదుటే తేల్చి చెప్పేసింది. "ఉగాది దాకా సూత్తానమ్మా. ఆ పైన నాతవరంలో నా అన్నకూతురుంది. ఇద్దరూ అక్కసెల్లెళ్లలాగే ఉంటారు." రెండో పెళ్లికి అడ్డు చెప్పే చట్టమేదీ అప్పట్లో మాకు లేదు.

సరిగ్గా ఆ నెలలోనే ఆలుమగల ఆరోగ్యం గురించిన పుస్తకం ఒకటి మావారు పాత పేపరు అట్టవేసి తెచ్చారు. మొదటి అధ్యాయంలో శరీరం బొమ్మలుంటే సిగ్గుపడి గబగబా పేజీలు తిప్పేశాను. రెండో అధ్యాయంలో, నెలలో పద్నాలుగో రోజు ప్రాంతంలో కలిస్తేనే బిడ్డ కలిగే అవకాశం ఎక్కువని ఉంది. ఎక్కడి నుంచి పద్నాలుగు అన్న అనుమానమే నాకు రాలేదు. మన ఇళ్లలో ఆ మూడు రోజులూ ఆడది పొయ్యి ముట్టదు, పసుపు ముట్టదు, పెరటి వసారాలో చాప మీద ఉంటుంది. ఆ రోజుల్ని రోజులుగానే ఎవరం లెక్కవేసుకోం. నాలుగోనాటి తలస్నానంతోనే మనకు నెల మొదలవుతుంది. నేనూ చెల్లికి అలాగే, స్నానం నుంచి పద్నాలుగు అని వేళ్ల మీద నేర్పాను.

చెల్లి మొగుడు, మా మరిది, బెల్లం కొనుగోలు మీద సీజనంతా దేవరాపల్లి వైపు ఊళ్లలో, గానుగల దగ్గరే ఉండేవాడు. అంతకు ముందు వీలు దొరికినప్పుడల్లా నెలకు రెండు మూడుసార్లు వచ్చిపోయేవాడు. నేను ఆ రాకలన్నీ మాన్పించి, లెక్కకు సరిపోయేలా నెలకొక్కసారి, రెండు రోజులుండేట్టు రప్పించమన్నాను. కబురు బెల్లం బండ్లవాళ్లతో వెళ్లేది. అసలు సంగతి చెప్పలేక, అత్తగారికి మోకాలు నొప్పి అని చెప్పించేది చెల్లి. "ఏటి బావా, మీ అమ్మ మోకాలికి తిథి గాని ఉందేటి, నెలనెలా తప్పకుండా వత్తంది!" అని గానుగ దగ్గరివాళ్లు వేళాకోళం చేసేవారట. అది చెప్పుకుని మేమిద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకున్నాం.

ఐదు నెలలు గడిచాయి. ప్రతినెలా మళ్లీ ముట్టు వచ్చేసరికి దాని కళ్లు ముందుగా నా వైపే చూసేవి. ఉగాది వచ్చింది, వెళ్లింది. మరిది రెండో పెళ్లికి వైశాఖంలో ముహూర్తం పెట్టేశారు.

పెళ్లి ఇంకా పదిరోజులుందనగా, ఏమైనా పొరపాటు జరిగిందేమోనని అదే పుస్తకం మళ్లీ తెప్పించాను. ఈసారి సిగ్గు పక్కన పెట్టి మొదటి అధ్యాయం కూడా చదివాను. ముట్టు కనిపించిన రోజే ఒకటో రోజట. పైగా నెల ముందుగా వచ్చేవాళ్లకు ఆ రోజులు ఇంకా ముందే వచ్చేస్తాయట. చెల్లికి ఇరవైయైదు రోజులకే వచ్చేసేది. మేం పద్నాలుగు అనుకున్నది నిజానికి పదిహేడో రోజు, దానికి కావలసిందేమో పదకొండో రోజు ప్రాంతం. అంటే ఆ సీజనంతా, అసలు రోజులు దాటిపోయిన ఐదారు రోజులకి, వెతికి వెతికి మరీ దాని మొగుణ్ణి రప్పించాను. ఏ లెక్కా లేకుండా వదిలేసి ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు కలిసొచ్చేదేమో.

ఉండబట్టలేక వెళ్లి చెప్పేశాను. పెళ్లికి పసుపుకొమ్ములు దంచుతోంది అది. రోకలి ఆపి, అంతా విని, "ఇప్పుడెందుకు సెప్పేవక్కా? దేవుడు రాసేడనుకుని ఎలాగో సర్దుకున్నాను. ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోవాలి?" అంది. మళ్లీ దంచడం మొదలుపెట్టింది.

రెండో ఆమెకు ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గుర్నీ మా చెల్లే పెంచింది. దానికి మాత్రం పిల్లలు కలగలేదు. నా లెక్క సరిగ్గా ఉన్నా కలిగేవారు కాదేమో, ఆ సంగతి నాకెవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఆడపిల్లలు డాక్టరు ఎదుట కూర్చుని అడగవలసింది అడుగుతున్నారు, మొగుళ్లు పక్కనే కూర్చుని వింటున్నారు, ముఖ్యమైన మాట కింద ఎర్రగీత గీసి ఇచ్చేవాళ్లున్నారు. మా రోజుల్లో తెలిసిందంతా పెరట్లో గుసగుసలే, తప్పుగా తెలుసుకున్నా అది తప్పని చెప్పే దిక్కు లేదు. పెళ్లికి ముందు నుంచీ మా చెల్లి నేను కనబడితే చాలు, "ఈ వారం ఏటి సదివేవక్కా" అని అడిగేది. పసుపు దంచిన ఆనాటి తర్వాత అది ఇంకో నలభై ఏళ్లు బతికింది. పండగలకి పిలిచింది, నాకు జబ్బు చేస్తే వచ్చి వండిపెట్టింది. ఏం చదివానని మాత్రం మళ్లీ ఒక్కసారీ అడగలేదు.