రెండు గుర్తుల కణాలు

1. ఉదయం ఏడింటికి సబ్బవరంలో, పందుల జ్వరానికి టీకా వేసిన పన్నెండు పందుల నుంచి రక్తం తీశాను.
2. మా ల్యాబుకు తెచ్చి, రోగంతో పోరాడే టీ కణాలకు రంగు పట్టించి, ఏ రకం ఎన్ని ఉన్నాయో యంత్రంలో లెక్కించాను.
3. మూడింటికి, మనుషుల ఆసుపత్రి నుంచి కొత్తగా వచ్చిన మా డాక్టరుగారు, టీ కణాల రకాన్ని తెలిపే సీడీ4, సీడీ8 గుర్తులు రెండూ ఉన్న కణాలన్నిటినీ రంగు తప్పుగా అంటిందని నివేదికలోంచి తీసేశారు.

మనిషి రక్తంలో అలాంటివి అరుదు. పందిలో సహజం, టీకాను గుర్తుంచుకునేవి చాలావరకు అవే. అవి తీసేస్తే టీకా పనిచేయనట్టే కనిపిస్తుంది. ఆ మాటే విన్నవించాను.

"ఏటి సన్యాసిరావ్, నాకే పాఠం చెప్తన్నావేటి? ఎంతవరకూ చదివేవు నువ్వు?"

"ఇంటర్, సార్. పందుల రక్తం గురించి మాత్రం పదకొండేళ్లుగా చదువుతున్నాను."

"అయితే వెళ్లి పందులకే చెప్పు!"

గదంతా నవ్వింది. నివేదిక వెళ్లిపోయింది. మిగతా మందకు టీకా ఆపేస్తారు. ఈసారి జ్వరమొచ్చి అవి చస్తే, పెంపకందారు పైడమ్మగారికి కారణం చెప్పవలసింది నేనే. డాక్టరుగారు ఆ పాకల వైపు రారు.

గ్రాఫులు ఈ పోస్టు కింద పెట్టాను. తప్పు నాదైతే, డిగ్రీ ఉన్నవారెవరైనా చెప్పండి. మాట పడటం నాకు అలవాటే.

సాయంత్రం 6.40, దువ్వాడ.
యెల్లపు సన్యాసిరావు