తుంటికి దెబ్బ, చీలమండకి కట్టు

మరాఠీ ఊళ్లో తెలుగువాళ్లుండే దాజీ పేటలో ప్రాజక్త పరుగు తెలియనివాళ్లు లేరు. ఆ పరుగు లేపిన దుమ్ము అందరి బీడీ చాటల్లోనూ పడింది మరి. గల్లీలో ఆడవాళ్లు అరుగుల మీద వరసగా కూర్చుని బీడీలు చుడుతుంటే, స్కూలు ఖోఖో జట్టులోని ఈ పదహారేళ్ల పిల్ల వాళ్ల మధ్యలోంచి బాణంలా దూసుకుపోయేది. "నీ కాళ్లిరగ!" అని వెనక నుంచి దీవెనలు వచ్చేవి. జట్టు గెలిచిన రోజున అవే నోళ్లు ఆమె పంచిన పేడా మిఠాయిలు తినేవి.

కాళ్లయితే విరగలేదు. విరిగింది ఇంకాస్త పైన.

ఒక సాయంత్రం గ్రౌండులో వరసలో గొంతుక్కూర్చుని ఉంది. వెనక నుంచి స్నేహితురాలు ఋతుజ "ఖో!" అని వీపు మీద చరిచింది. ప్రాజక్త లేచిన లేవడంలో కుడి తుంటి దగ్గర ఏదో టక్కుమంది. అంతే, మట్టిలో బొక్కబోర్లా పడింది.

డాక్టరు ఎక్స్‌రే చూపించి విడమరిచి చెప్పాడు. ఎదిగే వయసులో ఎముక కొసలు ఇంకా గట్టిపడవు, కండరం బలంగా గుంజేసరికి చిన్న ముక్క లేచింది. చంకకర్రలతో నడవాలి. గొంతుక్కూర్చోకూడదు. ఓపిక పడితే దానంతటదే అతుక్కుంటుంది. ఆగలేక పరుగెత్తితే ముక్క పూర్తిగా ఊడి వస్తుంది, అప్పుడు ఆపరేషనే. ఆ తర్వాత ఖోఖో సంగతి తాను చెప్పలేనన్నాడు.

ఇంత చెప్తే ప్రాజక్త చెవికి ఎక్కింది ఆ చివరి మాటొక్కటే. తల్లి సుమన్ చెవికి ఎక్కింది 'తుంటి' ఒక్కటే.

ఆటోలోనే సుమన్ కూతురి చెయ్యి పట్టుకుంది. "ఇగో పోరీ, ఎవరన్నా అడిగితే కాలు బెణికింది అని చెప్పు. తుంటి గింటి అనకు."

"ఎందుకే అమ్మా?"

"రేపు నీకు సంబంధాలు రావా? పిల్లకు తుంటి ఇరిగిందట, రేపు పిల్లలు పుడుతరో లేదో అంటరు. నువ్వు పోయి మూస్తవా అందరి నోళ్లు?"

"తుంటికీ పిల్లలకీ ఏం సంబంధమే?"

"అగో! గసొంటి మాటలే నోట్లకెల్లి రావొద్దనేది."

మర్నాటి నుంచి ప్రాజక్త చీలమండకి కట్టు మొదలైంది. పొద్దున్నే అన్నం, కూర, నీళ్లు, ఆపైన బీడీ ఆకు తడపడం, ఇన్నిటి మధ్య సుమన్ హడావుడిగా కట్టేది. ఒకరోజు కుడికాలికి, ఒకరోజు ఎడమకాలికి.

"అమ్మా, నిన్న కుడికాలు."

"ఏదో ఒక కాలు. నొప్పి రెండిట్ల దేంట్లనూ లేదు గద!"

ఇక రెండో చిక్కు. గొంతుక్కూర్చోకూడదంటే ఆ పని ఎలా? ఇంట్లో ఉన్నది పాతకాలపు దొడ్డి. తండ్రి గంగాధర్ టవల్ కార్ఖానాలో జాబర్, అంటే మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. ఆయన ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, మధ్యలో గుండ్రంగా కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రాశాడు. పని లేనప్పుడు ఆ కుర్చీని కడిగి ముందుగదిలో మూలకు పెట్టేవాళ్లు. పైన కొత్త టవల్ కప్పేవాళ్లు, మర్యాదగా ఉంటుందని.

ఆ మర్యాదే కొంప ముంచింది. ఎదురింటి సుందరాబాయి డజను అరటిపళ్లతో పరామర్శకు వచ్చింది. పేటలో సగం పెళ్లిళ్లు ఆమె నోటి మీదుగా కుదిరినవే. సుమన్ భయమంతా ఆమె గురించే. "కూసో అత్తా" అని సుమన్ చాప పరిచేలోపే ఆమె టవల్ కప్పిన కుర్చీ చూసి, అదేదో తన కోసమే అలంకరించారనుకుని కూర్చుంది. టవల్ లోపలికి పోయింది. టవల్‌తో పాటు సుందరాబాయీ సగం పోయింది. తల్లీ కూతురూ చెరో చెయ్యి పట్టి లాగితే కుర్చీ కూడా ఆమెతోనే లేచింది.

ఎట్టకేలకు బయటపడి, చీర సర్దుకుని అడిగింది. "కాలు బెణికిన పోరికి బొక్క కుర్చీ ఎందుకే సుమనూ?"

"పోరికి కాదత్తా. మా మామకు. వయసయింది గద, కూసుంటే లేస్తలేడు."

మామ పెంటప్ప ఈ వయసులోనూ రోజూ కుంఠా నాకా దాకా నడిచివెళ్లి చాయ్ తాగివస్తానని మీసం తిప్పే మనిషి. మర్నాడు చాయ్ దుకాణంలో అందరూ లేచి నిలబడి ఆయనకు చోటిచ్చారు. "మెల్లగ కూసో కాకా. ఇదన్నా గట్టిగున్నదా చూసుకో" అన్నారు. తుంటి మీద కొడితే పళ్లు రాలాయన్నట్టు, మనవరాలి దెబ్బకు తాత పరువు రాలింది. ఆయన చాయ్ మానేసి ఇంట్లో కోడలి మీద అలిగి కూర్చున్నాడు. కూర్చున్నది మంచం మీద, ఆ కుర్చీ వైపు కన్నెత్తి చూడకుండా.

ఇంతవరకూ నవ్వులాటే. నవ్వు ఆగింది, ఋతుజ ఆటల మాస్టరు దగ్గర్నుంచి వార్త తెచ్చిన రోజున.

"చేతన్ సర్ జిల్లా పోటీలకు నీ పేరు ఇచ్చిండు. కాలు బెణికితే ఎంత, గప్పటికి తగ్గుతది అన్నడు" అంది ఋతుజ. ఆమె గొంతులో సంతోషం ఎందుకో పలచగా ఉంది.

ప్రాజక్త గుండె ఒక్కసారి ఎగిరి, అంతలోనే దబ్బున కిందపడింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ చూడనప్పుడు కర్రలు గోడకు ఆనించి, వరసలో కూర్చున్నట్టు మెల్లగా వంగి చూసింది. సగం దిగేసరికి తుంటిలో సూది దిగింది. చెమటలు పట్టాయి. వెళ్తే ఎముక పోతుంది. వెళ్లకపోతే జట్టులో చోటు పోతుంది. ఏం చెయ్యాలో తెలియక తల్లిని అడిగింది.

"సర్‌కు నిజం చెప్పనా అమ్మా?"

"ఇప్పుడు మాట మారిస్తే గల్లంత తెలుస్తది బిడ్డా. నొప్పి తగ్గలే అని చెప్పు, ఆయనే పోతడు."

కానీ ఆయన పోలేదు, స్కూటర్ మీద ఏకంగా గుమ్మం ముందుకే వచ్చాడు. చేతన్ సర్‌ది పుణె వైపు, ఈ ఏడే కొత్తగా వచ్చాడు. గల్లీకి రెండు పక్కలా మగ్గాలు దడదడలాడుతుంటే ఆ చప్పుడుకు మొహం చిట్లించి, మరాఠీలో అరిచాడు. "చల్ ప్రాజక్తా! కట్టు విప్పు, టేప్ నేను వేస్తా. రేపే బయల్దేరేది!"

అరుగు మీద కూర్చున్న ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ రోజు కట్టున్న ఎడమ చీలమండ నొక్కాడు. "నొప్పా?"

"లేదు సర్."

ఎందుకైనా మంచిదని కుడిది కూడా నొక్కాడు. "ఇక్కడ?"

"లేదు."

"అరె వా! బాగైపోయింది!"

గుమ్మంలోంచి సుమన్ 'నొప్పి అను, నొప్పి అను' అని కళ్లతోనే బతిమాలుతోంది. 'అవును, బాగైంది' అని ఒక్క మాట అంటే చాలు, ప్రాజక్త రేపు బండి ఎక్కుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తుంటిలో దిగిన సూది గుర్తొచ్చి ఆగింది.

"సర్, కాలు కాదు. తుంటి" అంది.

మగ్గాల మోతలో ఆ మాట ఎటు పోయిందో. ఆయన ఏమిటన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "కాయ్?" అన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ "కాయ్?" మూడోసారి ఏడుపు అడ్డొచ్చి పెదవులే కదిలాయి, గొంతు రాలేదు.

అప్పుడు ఎదురరుగు మీద సుందరాబాయి, చేతిలో బీడీ వదలకుండా, కార్ఖానా గొంతుతో అరిచింది. "తుంటి అంటాంది సర్! ఉజవా ఖుబా! కుడి తుంటి!"

పక్కరుగు నుంచి ఇంకో గొంతు లేచింది. "ఎముక ముక్క లేసిందట!"

ఆ పక్క నుంచి ఇంకోటి. "ఉరికితే ఆపరేషన్ అట సర్, తీస్కపోకున్రి!"

సుమన్ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "మీకెవరు చెప్పిన్రు?"

"నువ్వే చెప్పినవ్" అంది సుందరాబాయి. "దవాఖాన నుంచి వచ్చిన రోజే, కిటికీ కాడ నిలవడి నీ మొగనికి మూతితోని చెప్పలే? జిందగీ అంత మగ్గాల నడుమ పని చేసినం. ఈ చప్పుట్ల చెవులతోని ఎవరింటరే? మూతులు చూసే కదా మాట్లాడుకునేది!"

సుమన్‌కూ ఆ విద్య వచ్చు. పెళ్లికి ముందు కార్ఖానాలో నూలు కండెలు చుట్టినప్పుడు అలాగే మాట్లాడేది. కంగారులో, గల్లీలో మిగతా అందరికీ కూడా వచ్చన్న సంగతే మరిచింది.

"తెలిసి ఎందుకు ఊకున్నరత్తా?"

"కట్టు పొద్దుకో కాలుకు మారుతాంటే మంచి తమాషా ఉండె. ఇయ్యాల ఏ కాలని చాయ్ పందెం కాస్తుంటిమి." సుందరాబాయి ఆకు మడిచి దారం చుట్టింది. "సంబంధం సంగతి ఇప్పుడెందుకే? అగో, పదారేండ్ల పోరి. ముందు ఎముక అతకనియ్."

విషయం అర్థమయ్యాక చేతన్ సర్ చాలాసేపు కోప్పడ్డాడు. మోతలో అందులో సగం ఎవరికీ వినిపించలేదు. చివరకు ప్రాజక్త తల మీద చెయ్యి పెట్టి, వచ్చే ఏడు చూద్దామని చెప్పి, ఆమె చోట ఋతుజ పేరు వేసుకుని వెళ్లిపోయాడు. ప్రాజక్త ఆ రాత్రి అన్నం తినలేదు.

జట్టు వెళ్లింది. రెండో ఆటలోనే ఓడి వచ్చింది. ఋతుజ వచ్చి భుజం మీద తల పెట్టి ఏడిస్తే, ప్రాజక్త "ఊకో, ఊకో" అంటూ వీపు నిమిరింది. లోపల మాత్రం చిన్న పేడా అంత తీపి తగిలింది. దానికి సిగ్గుపడింది కానీ ఉమ్మెయ్యబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు కర్రలు పోయాయి. అరుగు మీద పక్కకు తిరిగి పడుకుని కాలు పైకెత్తే కసరత్తు మొదలైంది. మొదట్లో గల్లీ మొహం తిప్పుకుంది, తర్వాత "ఇంకింత లేపు పోరీ, బద్ధకం చెయ్యకు" అని సలహాలు ఇచ్చింది.

డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి, అతుక్కుంది, మెల్లగా పరుగు మొదలుపెట్టమన్న రోజున వెంట ఋతుజ ఉంది. తిరిగి వస్తూ అశోక్ చౌక్ దగ్గర ఆటోలో ప్రాజక్త దాచుకోలేక అనేసింది. "మీరు ఓడినప్పుడు నాకు జరంత మంచిగనిపించింది."

ఋతుజ కూడా దాచుకోలేదు. "నువ్వు పడ్డప్పుడు నాకూ అనిపించింది. నా నంబర్ వస్తదని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఆటోవాడు వెనక్కి తిరిగేలా నవ్వారు.

"రేపు గ్రౌండుకు వస్తున్నవా?" అంది ఋతుజ కళ్లు తుడుచుకుంటూ.

"వస్తున్న. నీ జాగా నాది."

"తీస్కో చూస్త."