డాన్ నోట గట్క మాట

దయ్యాల మాట ఎవరెత్తినా లేచి వెళ్లి టీ పెట్టుకునే రకం నేను. రోడ్డు మీద దిష్టి నిమ్మకాయ కనిపిస్తే మా అమ్మ చుట్టూ తిరిగి పోయేది. నేను దాన్ని చెప్పుతో పక్కకు నెట్టి బస్సెక్కేదాన్ని. ఇప్పటికీ నాకు అలాంటి నమ్మకాలు లేవు. కానీ పోయిన ఎండాకాలం మా పసుపు మిల్లులో, పట్టపగలు, అందరం అన్నం తింటున్న వేళ జరిగిన సంగతి మాత్రం నాకు అంతు చిక్కలేదు. భయపడాల్సింది ఏమీ లేదు. నిజానికి దాన్ని తలుచుకుంటే నాకు నవ్వే వస్తుంది.

ఆర్మూర్ శివార్లలో ఉన్న ఆ మిల్లులో నేను సూపర్‌వైజర్‌ని. రైతులు తెచ్చిన పసుపు కొమ్ములను ఆడవాళ్లు షెడ్డులో కూర్చుని ఏరుతారు. సాయంత్రానికి అందరి చేతులూ, కనురెప్పలూ పచ్చగా అయిపోతాయి.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నేను ఫోన్‌లో నవల చదువుకునేదాన్ని. మాఫియా డాన్ ప్రేమకథ అది. యాప్‌లో రోజుకో ఎపిసోడ్ వచ్చేది. హీరో పేరు ఇంద్రనీల్. ముంబయి ఓడరేవు మొత్తం అతని చేతిలో ఉంటుంది. నల్ల కారు, నల్ల చొక్కా, నవ్వడు. హీరోయిన్ తార అతని బంగళాలో బందీ. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమే, కానీ ఇద్దరూ బయటపడరు. ఆమె ఎదురొస్తే అతను ముఖం తిప్పుకుంటాడు. అతను అటు పోగానే ఆమె కిటికీ దగ్గరికి వస్తుంది. వందల పేజీలు ఇదే వరస.

మాలో అందరికంటే పెద్దది నర్సవ్వ. ఒకరోజు ఆమె అడిగింది. "ఏం జూస్తున్నవ్ బిడ్డా, నీలో నువ్వే నవ్వుకుంట?"

చెప్పాను. బయటికి చదవమంది. అలా మొదలైంది. నాలుగు రోజుల్లో షెడ్డంతా నా చుట్టూ చేరింది. హీరోని నీలన్న అని పిలుచుకునేవాళ్లు.

"రోజు తుపాకి దీస్తడు గని, ఒక్కపారన్న తిన్నవా అని అడిగిండా గా పిల్లను?" అని నర్సవ్వ కోపం.

"అన్న లోపట్ల అడుగుతడే అవ్వా, నీకు ఇనవడది," అని రజిత వెనకేసుకొచ్చేది. రజితకు నవల పిచ్చి. నేను చదివేదంతా ఫోన్‌లో రికార్డు చేసి, ధర్పల్లిలో ఉన్న చెల్లెలికి పంపేది.

ఈ గుంపులో ఉండీ నోరు విప్పనిది గంగామణి ఒక్కతే. భీమ్‌గల్ దగ్గరి పల్లె ఆమెది. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఆర్మూర్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేది. దుమ్ము పడకుండా ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకునేది. పని అయిపోయినా అది విప్పేది కాదు, మధ్యాహ్నం గబగబా తినేసి మళ్లీ కట్టుకునేది. ఏమైనా అడిగితే కళ్లతోనే జవాబిచ్చేది.

ఇంకొకరు సాయన్న, మిల్లు వ్యాను డ్రైవరు. ముప్కాల్ నుంచి వచ్చేవాడు. చాలా ఏళ్లు దుబాయిలో బండి నడిపాడు. అక్కడ ఉండగానే ఇక్కడ భార్య జబ్బుతో చనిపోయింది. తిరిగొచ్చాక మనిషి మౌనం పట్టాడు. మేం నవల చదువుకునేటప్పుడు సంచుల వెనక నిలబడి మూతులు కుట్టేవాడు. కుట్టేది తక్కువ, వినేది ఎక్కువ అని మాకు తెలుసు. షెడ్డులో నన్ను మేడం అనీ, మిగతా అందరినీ అక్కా, చెల్లే, అవ్వా అనీ పిలిచేవాడు. గంగామణిని మాత్రం ఏ వరసా పెట్టి పిలిచేవాడు కాదు. అసలు పిలిచేవాడే కాదు. ఆ సంగతి అప్పట్లో నా బుర్రకు తట్టలేదు.

ఎండలు ముదిరాక గంగామణి పని మానేస్తున్నట్టు చెప్పింది. భివండీలో ఉండే అన్న రమ్మన్నాడట. ఇంట్లో వంటకు, పిల్లలకు తోడుగా ఉండాలి. సోమవారం బస్సు. శనివారం ఆమెకు మిల్లులో ఆఖరి రోజు.

ఆ మధ్యాహ్నం నర్సవ్వ, "గంగామణి పోతున్నది, ఇయ్యాల మంచిగ సదువు బిడ్డా," అంది. రజిత ఎప్పటిలాగే ఫోన్‌లో రికార్డింగు పెట్టి నా ముందు ఉంచింది. నేను యాప్ తెరిచాను. కొత్త ఎపిసోడ్ వచ్చి ఉంది.

ముందు రోజు కథ రేవులో కాల్పుల దగ్గర ఆగింది. తీరా చూస్తే ఆ రోజు తుపాకులే లేవు. ఇంద్రనీల్ వాకిట్లో ఒక్కడే నిలబడి ఉన్నాడు. తార సంచి సర్దుకుంటోంది. అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. అన్నాళ్లూ సినిమా భాష మాట్లాడిన డాన్, అచ్చం మా మాట మాట్లాడుతున్నాడు. నాకు విచిత్రంగా అనిపించింది, అయినా చదువుతూ పోయాను.

"'నువ్వు పోతున్నవని విన్న. నాకు జ్వరమొచ్చి బండిల పన్ననాడు, సీటు మీద మక్క గట్క డబ్బ వెట్టింది నువ్వే అని నాకెర్క. అడిగితే మల్ల వెట్టవని అడగలే.'"

"డాన్ గట్క తింటడా?" అంది రజిత. మొక్కజొన్న రవ్వతో వండే సంకటి మాట ముంబయి డాన్ నోట వినేసరికి ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆపలేదు.

"'నువ్వు కూసున్న కాడ ఎండ వడొద్దని, రోజు బండి గాడనే నిలవెడుతున్న. నువ్వు సూసినవో లేదో తెల్వది. పోకు అనేటందుకు నేనెవర్ని? అయినా అంటున్న. పోకు.'"

వెనక ధబ్‌మని చప్పుడైంది. సాయన్న చేతిలోని సంచి కింద పడి కొమ్ములన్నీ నేల మీద పరుచుకున్నాయి. అతను వాటి వైపు చూడటం లేదు. ముఖం పాలిపోయి ఉంది.

అప్పుడు మేమందరం ఒకే పని చేశాం. షెడ్డు బయటికి చూశాం. వ్యాను ఎప్పుడూ ఆగే చోటే ఆగి ఉంది. దాని నీడ సరిగ్గా షెడ్డు అంచున కూర్చున్న గంగామణి మీద పడుతోంది.

గంగామణి నెమ్మదిగా మూతికి కట్టిన గుడ్డ విప్పింది. సాయన్న వైపు తిరిగింది.

"నా డబ్బ ఏది?" అంది.

"బండిల ఉన్నది," అన్నాడు సాయన్న.

"కడిగినవా?"

"కడిగిన. రోజు కడుగుత."

గంగామణి నవ్వింది. కళ్ల నుంచి నీళ్లు కారుతుండగానే నవ్వింది, కళ్ల కింది పసుపు మీద చారలు పడ్డాయి. షెడ్డంతా గొల్లున నవ్వింది. నర్సవ్వ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని బోర్లా పెట్టింది. "ఇగ ఆపు బిడ్డా. నీలన్నను జర కూసోమను. అసలు కథ ఈడ నడుస్తున్నది."

సోమవారం బస్సు గంగామణి లేకుండానే పోయింది.

ఇక నాకు అంతుపట్టని సంగతి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఆ మాటలు మళ్లీ చదువుదామని యాప్ తెరిచాను. శనివారం ఎపిసోడ్‌లో రేవులో కాల్పులే ఉన్నాయి. మొదటి నుంచి చివరి వరకు తుపాకులే. వాకిలి లేదు, సంచి లేదు, గట్క లేదు. ముందువి వెతికాను, తర్వాతవి వెతికాను. ఎక్కడా లేదు.

రచయిత్రికి యాప్‌లోనే సందేశం పెట్టాను. రెండో రోజు జవాబు వచ్చింది. అలాంటి సీన్ తను రాయలేదట. గట్క అంటే ఏమిటో కూడా తెలియదట. "కానీ చాలా బాగుందండీ, నేను వాడుకోవచ్చా?" అని అడిగింది.

నేనే కల్పించి చదివానా అంటే, ఆ డబ్బా సంగతి నాకు ఎలా తెలుస్తుంది? నీడ సంగతి రోజూ కళ్లముందున్నా నేనెప్పుడూ గమనించలేదు. ఇక రజిత రికార్డింగు ఉంది కదా అనుకున్నాను.

సోమవారం మిల్లులో అందరం కూర్చుని విన్నాం. నా గొంతే. కానీ చదువుతున్నది రేవులో కాల్పుల ఎపిసోడ్. ఇంద్రనీల్ పిస్టల్ తీశాడు, అద్దాలు పగిలాయి అని నేను చదువుతుంటే, మధ్యలో రజిత గొంతు స్పష్టంగా వినిపించింది, "డాన్ గట్క తింటడా?" అని. నవ్వు వినిపించింది. ఇంకాస్త తర్వాత సంచి పడిన చప్పుడు. ఆ వెంటనే గంగామణి, "నా డబ్బ ఏది?" అనడం.

గట్క మాట అందరూ విన్నారు. కాల్పుల మాట ఎవరూ వినలేదు. రికార్డింగులో మాత్రం కాల్పులే ఉన్నాయి. రజిత భర్త, చెల్లెలు, ఫోన్లు బాగుచేసే దుకాణం అతను, అందరూ విన్నారు. ఫోన్‌లో తేడా ఏమీ లేదన్నాడు దుకాణం అతను.

సాయన్నను పక్కకు పిలిచి అడిగాను. అతను నన్నే ఎదురు అడిగాడు.

"గా మాటలు మీకెట్ల దొరికినయి మేడం? నేనెవ్వరికి చెప్పలే. గా పొద్దున ముప్కాల్ నుంచి బండి తోలుకుంట వస్తుంటె, ఒక్కన్నే మనసుల అనుకున్న. పెదవి గూడ కదపలే."

"అన్నీ అవే మాటలా?"

"అవే. 'నేనెవర్ని' అన్నది గూడ." తల దించుకుని, "గంగామణి ముందట అననీకె నాలుగేండ్ల సంది ధైర్యం చాలలే," అన్నాడు.

గంగామణిది ఇంకో మాట. ఆమెకు నా గొంతు వినిపించనే లేదట. మొదటి నుంచి సాయన్న గొంతే వినిపించిందట. "గందుకే నేను వెనక్కి తిరగలే అక్కా, తిరిగితే మాటలు ఆపుతడని," అంది.

భివండీ నుంచి అన్న కోపంగా దిగాడు. సాయన్న బస్టాండుకు వెళ్లి అతన్ని వ్యానులో తన ఇంటికి తెచ్చి, అన్నం పెట్టి, చెల్లెల్ని ఇమ్మని అడిగాడు. అన్న సగం అన్నం తినేసరికి కోపం తగ్గింది. చేయి కడుక్కునేసరికి సరేనన్నాడు. వానలు పడ్డాక సిద్ధుల గుట్ట మీది గుడిలో పెళ్లి జరిగింది. మిల్లు ఒకపూట మూసేశాం. కింద డప్పులకు నర్సవ్వ ఎంత ఎగిరిందంటే, మరునాడు మోకాళ్లకు జండూబామ్ నేనే రాశాను.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమని అననూ లేను, ఏ దయ్యానికి ఇలాంటి పని పడుతుంది? నిద్రమత్తు అనుకుందామంటే షెడ్డు మొత్తానికి ఒకేసారి మత్తు వస్తుందా? రజిత దగ్గర ఆ రికార్డింగు ఇంకా ఉంది. ఎవరు విన్నా అదేమిటో చెప్పలేకపోతున్నారు.

ఆ నవల అయిపోయింది. ఇప్పుడు ఇంకో డాన్ కథ నడుస్తోంది. మధ్యాహ్నం నేను ఫోన్ తెరవగానే షెడ్డులో ఆడవాళ్లందరూ అన్నం గిన్నెలతో కొంచెం ముందుకు జరుగుతారు. చేతిలో ముద్ద చేతిలోనే ఉంటుంది. ఎవరు ఏ మాట కోసం చూస్తున్నారో వాళ్లు చెప్పరు, నేనూ అడగను. నర్సవ్వ మాత్రం ప్రతిరోజూ ఒకటే మాట అంటుంది.

"నా పేరు మీద ఏమన్న వస్తె సిగ్గువడకు బిడ్డా. జర గట్టిగ సదువు."