వీసా అడగని జొన్నలు

ఇందులో ప్రతి అక్షరం నిజం, మా అమ్మ మీద ఒట్టు.

నిన్న తార్నాక మెట్రో కింద ఒక మెస్‌లో జొన్న సంకటి వాసన తగలగానే పాత భయం ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్న ఉద్యోగం యూనివర్సిటీలో. అనంతపురం నుంచి వచ్చి తార్నాకలో అద్దెకున్నాం. మేడ మీది గదిలో, సూడాన్ నుంచి చదువుకు వచ్చిన ఇద్రీసన్న ఉండేవాడు. జొన్నపిండి ఉడికించి ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి పులుసు పోసుకునేవాడు, అచ్చం మాలాగే. అందుకే అతను మా జిల్లావాడేనని తీర్మానించుకున్నాను.

ఒకరోజు ఇద్రీసన్న క్లాసుకు వెళ్లాక కానిస్టేబుల్ వచ్చాడు. అమ్మ పెరట్లో ఉంది.

"ఏం బాబూ, గీడ సూడాన్ పిలగాడు ఉంటడా?"

"లేడు. పైన ఉండేది మా అనంతపురం అన్న."

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. సంగతి చెప్పగానే అమ్మ ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేస్తివిరా! ఈడ లేడని రాస్తే వీసా పొడిగించరు. ఆ పిల్లోడు మళ్లీ వాళ్ల దేశంలో జరిగే యుద్ధంలోకే పోవల్ల!"

నేను చెప్పుల్లేకుండా పరిగెత్తి, బస్టాపులో ఆయన్ని పట్టుకుని, ఏడుస్తూ నిజం చెప్పాను. ఆయన రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు.

సాయంత్రం ఇద్రీసన్న నా చేతిలో ముద్ద పెట్టాడు. "భయపడకు తమ్మీ. ఈ జొన్నలు ఎప్పుడో మా దిక్కు నుంచే వచ్చినయ్. వాటిని ఎవ్వరూ వీసా అడగలే."

ఒట్టు అమ్మ మీద పెట్టాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. పరిగెత్తింది అమ్మ. ఆమె తిరిగొచ్చేదాకా నేను మంచం కిందే ఉన్నాను.